పశువుల కొట్టము, పసివారి ఊపిరి

ఆల్ప్సు పర్వతసీమలలో ఉద్భవించి, మతపీడనకు తాళలేక దేశములు గడచి, 18వ శతాబ్దిన ఆమిష్ ప్రజలును, 1870 దశకమున హటరైట్లును అమెరికా చేరిరి. వంశమూలములు ఎంతయు సన్నిహితములే. అయినను ఇండియానా ఆమిష్ రైతు తాతలనాటి గుఱ్ఱపు నాగలిని, పసివారు వట్టికాళ్లతో తిరుగాడెడు ఇంటిచెంత కొట్టమును విడువకుండగా, దక్షిణ డకోటా హటరైట్లు యంత్రసేద్యము చేపట్టి, పాడిని ఇండ్లకు దూరముగా నెలకొల్పిరి. ఈ ఆచారభేదము, నా దృష్టిలో, చరిత్రయే జరిపిన మహాప్రయోగము. 2016లో వెలువడిన పరిశోధన ననుసరించి ఉబ్బసము ఆమిష్ బాలలలో నూటికి 5, హటరైట్ బాలలలో 21. ఆమిష్ ఇండ్ల ధూళిలో, బాక్టీరియా కణకవచమునుండి వెలువడు ఎండోటాక్సిన్ ఆరింతలకు పైగా అధికము. ఆ ధూళిసారమును ముక్కున వేయగా, ఉబ్బసము కలిగింపదలచిన చిట్టెలుకల శ్వాసనాళములు చాలవరకు బిగియకుండెను; సహజరక్షణ సంకేతములను కణములోనికి చేరవేయు మైడ్88, ట్రిఫ్ అను ప్రోటీనుల జన్యువులు రెండును లోపించిన చిట్టెలుకలకు మాత్రము, అదే ధూళి తగిలినను, ఆ రక్షణ దాదాపు దక్కలేదు.