కొల్లేరు: గట్లు తెగిన తరువాత

క్రీ.శ. 634 నాటి ఐహొళె శాసనం రెండవ పులకేశి విజయాలను వర్ణిస్తూ కునాల జలాలను ప్రస్తావిస్తుంది. అది మన కొల్లేరేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. ఆ నీటి ఒడ్డున యుద్ధం చేసిన రాజుకు శాసనం మిగిలింది. ఆ నీటిపై బ్రతికిన జాలరికి మిగలలేదు. అందుకే కొల్లేటి ఇటీవలి చరిత్రను జాలరి వైపునుంచి చెప్పుకోవాలని నా కోరిక.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న ఈ పల్లంలోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వరదను మోసుకొస్తాయి. మిగులు నీరు ఉప్పుటేరు గుండా సముద్రం చేరుతుంది. వానల్లో నిండడం, వేసవిలో కుంచించుకుపోవడం ఈ సరస్సు స్వభావం. లంక గ్రామాల జీవనం ఆ స్వభావాన్ని అనుసరించే సాగేది. నీరున్నన్నాళ్ళు తాటి దోనెలు, వలలు, మావులు, కొర్రమీలు, మట్టగిడసలు. నీరు తీశాక బయటపడిన నేలలో వరి.

1970లలో ప్రభుత్వమే, పేదలకు మేలు చేయదలచి, సహకార సంఘాల పేర సరస్సు గర్భంలో చేపల చెరువులకు చోటిచ్చింది. అయితే గట్టుకూ, చేపపిల్లలకూ, మేతకూ పెట్టుబడి కావాలి. అది లేని సంఘాలు చెరువులను కౌలుకిచ్చాయి. క్రమంగా పేరు సంఘానిది, చెరువు షావుకారుది అయింది. 1990ల నాటికి గట్లు సరస్సును గళ్ళుగళ్ళుగా కోసివేశాయి. బొచ్చె, శీలావతి లారీలకెక్కాయి. వల విసిరే జాలరికి నీరు తరిగింది. వరద కదలక ఎగువ పొలాలు మునిగాయి.

1999లో +5 అడుగుల కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సార్ జాబితాకెక్కింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేర పొక్లెయిన్లతో, పేలుడు పదార్థాలతో గట్లను తెంచారు. నీరు కదిలింది, నిజమే. కానీ షావుకారు తన పెట్టుబడిని మరో చోటికి తరలించుకోగలడు. కౌలు డబ్బుపై, చెరువు కూలిపై ఆధారపడినవాడు ఎక్కడికి పోతాడు? అభయారణ్యాన్ని +3 అడుగులకు కుదించాలన్న కోరిక బలపడింది. గట్లు చాలాచోట్ల మళ్ళీ లేచాయి.

పొరుగునున్న ఒడిశాలోని చిలికా సరస్సు ఇక్కడ గుర్తుకొస్తుంది. అక్కడ ఇసుక మేటతో పూడిన దారికి బదులుగా 2000లో సముద్రానికి కొత్త ముఖద్వారం తెరిచారు. కొద్ది ఏళ్ళలోనే చేపల పట్టుబడి కొన్ని రెట్లు పెరిగింది, ఆ ఫలితం జాలరి వలలోనే పడింది. అక్కడ కూడా రొయ్యల కంచెల తగవు తీరలేదు గానీ, పునరుద్ధరణ తన కూటికొచ్చిందన్న అనుభవం జాలరికి దక్కింది.

చిలికాలో అడ్డం ఇసుక. కొల్లేటిలో అడ్డం కౌలు, అప్పు, పలుకుబడి కలిసి కట్టిన మట్టి. దీన్ని యంత్రంతో తీస్తే మరో యంత్రం తిరిగి పోస్తుంది. గట్టు తెగిన మర్నాడు సంఘసభ్యుని ఇంట పొయ్యి ఎలా వెలుగుతుందో ముందే ఏర్పాటు చేయని పునరుద్ధరణ, ఎంత న్యాయబద్ధమైనా, నిలవదని నా అభిప్రాయం. తెరపినీటి చేపపై హక్కు, దాని అమ్మకంలో సాయం జాలరికి దక్కితే, గట్టు లేవకుండా కాపలా కాసేది అతడే.