ప్రాంగణ జీవితం – డిజిటల్ భాండాగారం (ఐఐటీ హైదరాబాద్)

పేరులో హైదరాబాద్ ఉన్నా ఈ సంస్థ ఉన్నది సంగారెడ్డి జిల్లా కందిలో, ముంబయి రహదారి పక్కన. 2008లో తరగతులు మొదలైనప్పుడు సొంత గోడల్లేవు. సైన్యానికి పోరాట వాహనాలు తయారుచేసే ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణే తాత్కాలిక బడి. 2015లో కందికి మారింది. ఆలోగా తొలి బీటెక్ విద్యార్థులు నాలుగేళ్లూ ఎద్దుమైలారంలోనే గడిపి పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోయారు.

సంస్థ డిజిటల్ భాండాగారం ముఖ్యంగా పరిశోధన పత్రాలకూ సిద్ధాంత వ్యాసాలకూ చోటిస్తుంది. హాస్టల్ గదుల ముచ్చట్లు, మెస్ తగాదాలు పత్రాల కిందికి రావు మరి! అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఇలాంటి లోటును ముందే గుర్తించింది. అక్కడ డిగ్రీ విద్యార్థులే తమ విశ్వవిద్యాలయాన్ని పరిశీలించి, ఇంటర్వ్యూలు చేసి, ఆ రచనలను డిజిటల్ భాండాగారంలో దాచే పద్ధతి పెట్టింది. మాట్లాడినవారి అనుమతి అందులో కీలకం.

అయితే ఇలాంటి జ్ఞాపకాలను భద్రపరచడమంటే స్కాన్ చేసి వదిలేయడం కాదు. తేదీ, చోటు, తీసినవారి పేరు లేని ఫొటో పదేళ్లకు అనామకమవుతుంది. ఎద్దుమైలారం రోజుల బొమ్మలు, మెస్ నోటీసులు పాత ఫోన్లలో ఉన్నవారు ముందు ఆ మూడు వివరాలూ రాసిపెట్టుకోవాలి.