మౌంటురోడ్డు – తెలుగువారి స్మృతులు

చెన్నపురి కోటనుండి నైరుతి దిశగా పరంగిమలవైపు సాగు రాజమార్గమే మౌంటురోడ్డు. 1969 లో దివంగతుడైన అణ్ణాదురై పేర దానికి పిదప అణ్ణాసాలై యని నామకరణము జరిగినది. అయినను పాతపేరు జనుల నోట నిలిచియే యున్నది.

ఈ త్రోవకు మహోపకారము చేసినవాడు ఆంగ్లేయుడు కాడు. కోజా పెట్రస్ ఉస్కాన్ అను ఆర్మీనియను వర్తకుడు 1726 లో సైదాపేటకడ అడయారు నదిపై సొంత ధనముతో వంతెన కట్టించెను. పరంగిమలకు మెట్లు కట్టించినదియు నాతడే.

కోట విడిచి కొంత దూరము రాగానే అశ్వారూఢుడై కన్పట్టువాడు సర్ థామస్ మన్రో. చాంట్రీ యను శిల్పి రూపొందించిన ఈ కంచు విగ్రహము 1839 లో ప్రతిష్ఠింపబడినది. గుర్రమునకు జీను లేదు, రికాబులు లేవు. శిల్పి మరచెనను కథ నమ్మదగినది కాదు. ఆతడే చేసిన నాలుగవ జార్జి విగ్రహమునందును, లండను నగరమున, అవి కానరావు.

తెలుగువారికి ఈ విగ్రహముతో గల బంధము వేరు. 1800 మొదలు 1807 వరకు మన్రో దత్తమండలముల కలెక్టరు. పాళెగాండ్రను కఠినముగా అణచెను. రైతుతో నేరుగా శిస్తు ఒప్పందము చేయు పద్ధతిని నెలకొల్పెను. ఆ శిస్తు తేలికయైనదని చెప్పుట సత్యము కాదు. దానిని నాలుగవ వంతు తగ్గింపవలెనని 1807 లో ఆతడే సిఫారసు చేసెను; దొరతనమువారు అప్పుడు అంగీకరింపలేదు. గవర్నరై తిరిగివచ్చిన పిదప గాని ఆ తగ్గింపు అమలు కాలేదు. 1827 లో ఆ సీమలోనే పర్యటించుచు పత్తికొండలో కలరాచే మరణించెను. గుత్తిలో ఖననము చేసిన కాయమును 1831 లో చెన్నపురి కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించిరి. రాయలసీమ పల్లెలలో బిడ్డలకు మన్రోలప్ప యని పేరిడుకొనిరి. శిస్తు వసూలు చేసిన దొరకు ఇట్టి గౌరవము అరుదు.

1844 నాటి హిగ్గిన్‌బాదమ్స్ పుస్తకశాల, 1959 లో వెలసిన జీవితబీమా సంస్థ భవనము ఈ దారిలోనివే. ఇంకను దక్షిణమునకు పోయిన జెమినీ కూడలి. వాసన్‌గారి జెమినీ స్టూడియో ఇచ్చటనే యుండెను. 1942 లో కాంచనమాల నాయికగా ‘బాలనాగమ్మ’ను నిర్మించినది ఆ సంస్థయే. 1953 లో ఆంధ్రరాష్ట్రము వేరుపడినను తెలుగు చిత్రపరిశ్రమ చిరకాలము ఈ నగరమును వీడలేదు. స్టూడియో నేడు లేదు. 1973 లో ఆ కూడలిలో కట్టిన పైవంతెనకు అణ్ణా పేరు పెట్టిరి గాని, జనులు దానిని జెమినీ వంతెన యనియే పిలుచుచున్నారు.