మనిషికో అడుగు గోడ

మన బడిలో పొద్దున ప్రార్థన అయ్యాక ఎవరో ఒక విద్యార్థి వార్తలు చదివే అలవాటు మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. పదో తరగతిలో నా వంతు వచ్చిన రోజు, ఊరి చివర గుడారాలు వేసుకున్న సంచారుల వల్ల దొంగతనాలు పెరిగిపోయాయన్న వార్తను గొంతెత్తి చదివాను. తర్వాత క్లాసులో సోషల్ మాస్టారు నన్ను లేపారు. "ఎన్ని దొంగతనాలు జరిగాయని రాశారురా? ఆ గుడారాల వాళ్లు ఏమన్నారని రాశారు?" అని అడిగారు. పేపరంతా వెతికినా రెండింటికీ జవాబు దొరకలేదు. "అయితే పొద్దున బడి మొత్తానికీ నువ్వు వినిపించింది ఎవరిదో అనుమానం. కూర్చో" అన్నారు.

నలభై ఏళ్ల తర్వాత ఆ రెండు ప్రశ్నలు నాకు అమెరికాలో గుర్తొచ్చాయి. సియాటిల్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఒక ఆదివారం మమ్మల్ని పెద్ద పడవలో బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపానికి తీసుకెళ్లింది. అక్కడ నీటి ఒడ్డున దేవదారు చెక్కతో కట్టిన ఒక పొడవాటి గోడ ఉంది. పొడవు 276 అడుగులు. ఇంజనీరు బుద్ధి కదా, ఆ కొలతే ఎందుకని అడిగాను. 1942లో ఆ ద్వీపంలో ఉన్న జపాన్ సంతతి వాళ్లు 276 మందట. మనిషికో అడుగు. ఆ ఏడాది మార్చి 30న వాళ్లలో 227 మందిని సైనికులు తుపాకులతో కాపలా కాస్తూ ఆ రేవు నుంచే పడవ ఎక్కించి నిర్బంధ శిబిరానికి తరలించారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికాలోనే పుట్టిన పౌరులు.

యుద్ధకాలపు భయం వల్ల అలా జరిగిందని అనుకున్నాను. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే, ఆ భయానికి విత్తనాలు పడింది ముప్పై ఏడేళ్ల ముందని తెలిసింది.

1905 ఫిబ్రవరి 23న శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ పత్రిక మొదటి పేజీలో 'జపాన్ దండయాత్ర' అన్న శీర్షికతో ఒక పెద్ద వ్యాసం వేసింది. అప్పటికి జపాన్ రష్యాతో యుద్ధంలో గెలుస్తోంది, పోర్ట్ ఆర్థర్ కోట దాని చేతికొచ్చింది. అక్కడి సైన్యానికి వాడాల్సిన మాటను పత్రిక ఇక్కడి పొలాల్లో కూలికెళ్లే వాళ్లకు తగిలించింది. ఆ ఒక్క రోజుతో ఆగలేదు. జపాన్ వాళ్లు నేరాలు తెస్తారని, పేదరికం తెస్తారని, అమెరికా స్త్రీలకు ముప్పని వారాల తరబడి వ్యాసాలు వచ్చాయి.

మా వృత్తిలో కొలత లేని మాట చెల్లదు. కాబట్టి జనాభా లెక్కలు చూశాను. 1900లో హవాయి దీవులు కాక అమెరికా మొత్తంలో ఉన్న జపాన్ వాళ్లు 24,326 మంది. ఈ గొడవంతా జరిగాక, 1910లో కూడా కాలిఫోర్నియాలో 41,356 మందే. ఆ రాష్ట్ర జనాభా 23 లక్షల పైచిలుకు. నూటికి ఇద్దరు కూడా లేరు. దండయాత్ర కొలత అదీ!

అయినా శీర్షిక చేయాల్సిన పని చేసింది. వారం తిరక్కుండానే కాలిఫోర్నియా శాసనసభ జపాన్ వలసలను అరికట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. మే నెలలో కార్మిక సంఘాల వాళ్లు కలిసి జపాన్, కొరియా వాళ్లను వెళ్లగొట్టాలంటూ ఒక సంఘం పెట్టారు. ద్వేషమంతా పత్రికలే పుట్టించాయని నేననను. చైనా కూలీలను రానివ్వకూడదన్న చట్టం 1882లోనే వచ్చింది. తక్కువ కూలికి పనిచేసే వాళ్లు వస్తే తమ గతేమిటన్న బెంగ కార్మికుల్లో ఉంది. దాన్ని ఓట్లుగా మార్చుకునే నాయకులూ ఉన్నారు. నలుగురి మనసుల్లో చెదురుగా ఉన్న ఆ బెంగకు పత్రికలు ఒక పేరు, ఒక ముఖం ఇచ్చి రోజూ గుమ్మంలో వేశాయి.

తర్వాతి దెబ్బ బడి మీద పడింది. వయసు మీరిన జపాన్ కుర్రాళ్లు చిన్న ఆడపిల్లల పక్కన కూర్చుంటున్నారని ప్రచారం సాగింది. 1906 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కో స్కూల్ బోర్డు, జపాన్ పిల్లలందరూ ఆసియా వాళ్లకు కేటాయించిన వేరే బడికి పోవాలని ఉత్తర్వు వేసింది. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ విచారణకు తన మంత్రి విక్టర్ మెట్‌కాఫ్‌ను పంపాడు. లెక్క తేలింది: ఊళ్లో వేల మంది బడిపిల్లలుంటే అందులో జపాన్ వాళ్లు 93 మంది. అదీ 23 బళ్లలో చెల్లాచెదురుగా. బడికి సగటున నలుగురు! వాళ్లలో 25 మంది అమెరికాలో పుట్టినవాళ్లే. వయసు మీరిన వాళ్లు కొందరున్న మాట నిజమే. దానికి వయసు నిబంధన ఒకటి పెడితే సరిపోయేది.

ఇది చదివినప్పుడు మన తరగతి గది కళ్లముందు మెదిలింది. పక్క బెంచీలోని నేస్తాన్ని రేపటి నుంచి రావద్దంటే ఎలా ఉండేది?

1907లో రాజీ కుదిరింది. బోర్డు ఉత్తర్వు వెనక్కి తీసుకుంది, బదులుగా కూలీలకు పాస్‌పోర్టులు ఇవ్వనని జపాన్ ఒప్పుకుంది. పిల్లలు బడికి తిరిగొచ్చారు గానీ, వార్తల తీరు మారలేదు. హర్స్ట్ పత్రికలు, శాక్రమెంటో బీ అదే పాట పాడుతూ పోయాయి. 1913లో కాలిఫోర్నియాలో వాళ్లు సొంతంగా సాగుభూమి కొనకుండా చట్టం వచ్చింది. 1924లో జపాన్ నుంచి వలసలే దాదాపు ఆగిపోయాయి.

అదంతా వాళ్ల గొడవ అనుకునే మనవాళ్లకు ఒక్క మాట. 1906 సెప్టెంబరులో అదే వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక పత్రిక, మన దేశం నుంచి వెళ్లినవాళ్లను చూపించి 'నల్లని ముప్పు వచ్చిందా?' అన్న అర్థం వచ్చే శీర్షిక పెట్టింది. ఏడాది తిరిగేసరికి, బెల్లింగ్‌హామ్‌లో రంపపు మిల్లుల్లో పనిచేసే పంజాబీలను అల్లరి మూకలు కొట్టి ఊరి నుంచి తరిమేశాయి. 1922లో ఒజావా అనే జపాన్ దేశస్థుడికి పౌరసత్వం కుదరదన్న సుప్రీంకోర్టు, మూడు నెలల తర్వాత 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థింద్ అనే సిక్కు మాజీ సైనికుడికీ అదే మాట చెప్పింది. మనవాళ్లకు ఆ తలుపు 1946లో గానీ తెరుచుకోలేదు. ఈ రోజు మన బ్యాచ్‌ల్లో ఎంతోమంది పిల్లలు అక్కడ ఇళ్లు కొనుక్కుంటున్నారు. ఆ దారిలో ముందు నడిచి దెబ్బలు తిన్నవాళ్లలో జపాన్ వాళ్లూ ఉన్నారు.

1942లో సుమారు 1,20,000 మందిని శిబిరాలకు తరలించినప్పుడు చాలా పత్రికలు సబబే అన్నాయి. బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలోని ఒక చిన్న వారపత్రిక మాత్రం తప్పని రాసింది. దాన్ని నడిపిన వుడ్‌వర్డ్ దంపతులు అంతటితో ఆగలేదు. శిబిరంలో ఉన్న కుర్రాళ్లనే విలేకరులుగా పెట్టుకుని, ఎవరికి బిడ్డ పుట్టింది, ఎవరి పెళ్లయింది, ఆటలో ఎవరు గెలిచారు అన్న కబుర్లు ఎప్పటిలాగే ఊరి వార్తల్లో వేశారు. చందాదారులు కొందరు దూరమయ్యారు. కానీ ఊరివాళ్లు తమ పొరుగువాళ్లను మరిచిపోలేదు, యుద్ధమయ్యాక చాలామంది ఆ ద్వీపానికే తిరిగొచ్చారు. 1988లో అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్లు ఇవ్వాలని చట్టం చేసింది.

ఆ చిన్న పత్రిక చేసిందల్లా మన మాస్టారి రెండో ప్రశ్నకు జవాబు వెతకడమే. ఎవరి గురించి రాస్తున్నామో వాళ్ల మాట కూడా వినడం.

ఇప్పుడు మనలో చాలామందికి పొద్దున వార్తలు ఫోన్లో వస్తున్నాయి, మరు నిమిషంలో పది గ్రూపులకు పంపిస్తున్నాం. పక్క రాష్ట్రం కూలీల గురించి వచ్చిన అలాంటి వార్త ఒకటి మొన్న నేనూ పంపబోయాను. నా దగ్గర పనిచేసేది వాళ్లే. ఎన్ని, ఎక్కడ, వాళ్లేమన్నారు అని చూశాను. ఏమీ లేదు. తీసేశాను.

మాస్టారు ఇప్పుడు లేరు. ఆయన కూర్చోమన్నాక నేను కూర్చున్నాను గానీ, ఆ ప్రశ్నలు మాత్రం ఇంకా నిలబడే ఉన్నాయి.