వారిస్ సాబ్ తీసిన మొదటి నాలుగు భాగాలు

పోయిన ఎండాకాలం సెలవుల్లో లండన్ నుంచి మా ఫుప్పూ కొడుకు వచ్చాడు. వచ్చేటప్పుడు అందరికీ అత్తరు, చాక్లెట్లు తెచ్చాడు, నాకు మాత్రం ఒక పాత డీవీడీ డబ్బా తెచ్చాడు. "భాయిజాన్, నీకు తారీఖ్ పిచ్చి కదా, ఇది చూడు" అన్నాడు. డబ్బా మీద 'డాక్టర్ హూ' అని ఉంది. 1963లో బీబీసీలో షురూ అయిన సీరియల్. అందులోని మొట్టమొదటి కహానీలు.

నాకు పెద్ద ఆశ లేదు. మా తరానికి సైన్స్ ఫిక్షన్ అంటే దూరదర్శన్‌లో వచ్చిన 'స్పేస్ సిటీ సిగ్మా', అందులో కెప్టెన్ తారా. పక్కింటివాళ్ళ టీవీ ముందు చాప మీద కూర్చొని చూసేవాళ్ళం. అయినా ఓ రాత్రి ఇషా నమాజ్ అయ్యాక పెట్టాను. పిల్లలు నలుపు తెలుపు బొమ్మ చూడగానే మొహాలు ముడుచుకున్నారు. పెద్దోడు ఫోన్ పట్టుకొని లోపలికి పోయాడు. మా చిన్నది మాత్రం నా పక్కనే ఒదిగి కూర్చుంది. ఇరవై అయిదు నిమిషాలు అయిపోయి చివర్లో పేర్లు పడుతుంటే లేచి టీవీ దగ్గరికి పోయి వేలు పెట్టింది.

"అబ్బూ, వారిస్ హుస్సేన్! ఇది మనోళ్ళ పేరే కదా?"

అవును. డైరెక్టర్: వారిస్ హుస్సేన్. అరవై ఏళ్ళకు పైగా దునియా అంతా చూస్తున్న ఓ సీరియల్‌ను మొట్టమొదట తెర మీదికి తెచ్చినవాడు లక్నోలో పుట్టిన మన పిల్లగాడు. ఇరవై ఏళ్ళు జర్నలిజంలో ఉండి కూడా నాకు ఈ సంగతి తెలీదు. కొంచెం షరమ్ అనిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వారిస్ సాబ్ 1938 డిసెంబర్‌లో లక్నోలో పుట్టారు. అసలు ఖాందాన్ పేరు హబీబుల్లా. అమ్మ పేరు విన్నవాళ్ళు మనలో కొందరైనా ఉంటారు. ఆమె అతియా హుస్సేన్. తాలూక్‌దార్ల ఖాందాన్‌లో పుట్టి, 1933లోనే డిగ్రీ చదివిన ఔరత్. ఆ ఖాందాన్లలో డిగ్రీ అందుకున్న మొదటి ఆడపిల్ల ఆమే అంటారు. 'సన్‌లైట్ ఆన్ ఎ బ్రోకెన్ కాలమ్' అనే నవల 1961లో రాసింది. లక్నో తహజీబ్, పర్దా వెనక ఆడవాళ్ళ జిందగీ, బట్వారాతో ఒకే ఇంటివాళ్ళు రెండు ముల్కుల వాళ్ళైపోవడం, అంతా అందులో ఉంది. దేశం ముక్కలు కాకముందే, 1946లో, తండ్రి ఉద్యోగం కారణంగా వాళ్ళ కుటుంబం ఇంగ్లండ్ పోయింది. మరుసటి ఏడాది బట్వారా. ఇటా, అటా అని ఎంచుకోవడం అతియా బేగంకు మంజూర్ కాలేదు. పిల్లలతో అక్కడే ఉండిపోయింది. బీబీసీలో మన జబాన్ ప్రోగ్రాములు చేస్తూ పిల్లల్ని చదివించింది.

ఆ కొడుకు కేంబ్రిడ్జిలో ఇంగ్లిష్ చదివి, 1960లో బీబీసీలో డైరెక్టర్ ట్రైనింగ్‌కి చేరాడు. మూడేళ్ళకు ఈ సీరియల్ చేతికొచ్చింది. అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. ప్రొడ్యూసర్ వెరిటీ లాంబర్ట్‌కి ఇరవై ఏడు. ఆమె యూదు కుటుంబంలో పుట్టిన అమ్మాయి. ఆనాటి బీబీసీ డ్రామా విభాగంలో ఉన్న ప్రొడ్యూసర్లలో ఆడమనిషి ఆమె ఒక్కతే. వీళ్ళిద్దరి మీద పెద్దసాబ్ సిడ్నీ న్యూమన్. ఆయన కెనడా మనిషి. మొదటి కథ రాసిన ఆంథొనీ కోబర్న్ ఆస్ట్రేలియా వాడు. ఆ సంగీతం, ఇప్పటికీ వింటే వెన్నులో చలి పుట్టించే ఆ ట్యూన్, కట్టిన రాన్ గ్రెయినర్ కూడా ఆస్ట్రేలియా వాడే. ఆ ట్యూన్‌కు వాయిద్యాలేవీ లేకుండా, టేపు ముక్కలు కోసి అతికించి ప్రాణం పోసింది బీబీసీ వర్క్‌షాప్‌లో పనిచేసే డీలియా డెర్బీషైర్ అనే ఔరత్. అంటే ఇంగ్లండ్‌వాళ్ళు తమ సొంత ఆస్తిలా చెప్పుకునే ఈ సీరియల్ పునాదిలో సగం రాళ్ళు పరాయి ఊళ్ళవి. ఈ మాట మా ఫుప్పూ కొడుకుతో అంటే, "అక్కడ హోటళ్ళు, ఆస్పత్రులు కూడా అంతే భాయిజాన్" అని నవ్వాడు.

కథ చాలా సాదాగా మొదలవుతుంది. లండన్ స్కూల్‌లో సూసన్ అనే పదిహేనేళ్ళ పిల్ల. తారీఖ్ చెప్పే టీచరమ్మ బార్బరా, సైన్స్ చెప్పే ఇయాన్. ఈ పిల్లకు కొన్ని విషయాలు టీచర్ల కంటే ఎక్కువ తెలుసు, కొన్ని చిన్నపిల్లలకు తెలిసినవి కూడా తెలీవు. ఇంటి అడ్రస్ చూస్తే అది పాత సామాన్ల యార్డు. టీచర్లిద్దరూ వెంట పోతారు. యార్డులో ఓ పోలీసు డబ్బా ఉంటుంది, లండన్ వీధుల్లో అప్పట్లో ఫోన్ చేసుకోవడానికి పెట్టినవి. తలుపు తోసుకొని లోపలికి పడితే బయటి కంటే లోపల పెద్దగా ఉంటుంది. అక్కడ ఓ ముసలాయన, సూసన్ తాతయ్య. పేరు లేదు, డాక్టర్ అంటారు అంతే.

ఒక సీన్ దగ్గర నేను రిమోట్ నొక్కి ఆపేశాను. క్లాసులో సూసన్‌ను డబ్బు లెక్క అడుగుతారు. పౌండుకు ఎన్ని షిల్లింగులో ఆ పిల్లకు తెలీదు. డెసిమల్ లెక్క అనుకున్నానంటుంది. క్లాసంతా నవ్వుతుంది. ఇంగ్లండ్‌కు డెసిమల్ లెక్క వచ్చింది 1971లో. కానీ వారిస్ సాబ్ పుట్టిన దేశంలో 1957 ఏప్రిల్ ఒకటి నుంచే నయా పైసలు నడుస్తున్నాయి! లండన్‌లో ఆకాశం నుంచి ఊడిపడ్డ పిల్ల మాట్లాడిన మాట, అదే ఏడాది హైదరాబాద్ కిరాణా కొట్లో మామూలు మాట. మా దాదీమాకు మాత్రం నయా పైసా ఎన్నడూ ఎక్కలేదు. నిజాం జమానాలో హాలీ సిక్కా, అంగ్రేజీ కల్దార్ రెండూ చూసిన మనిషి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్. ఆఖరి రోజుల్లో ఎవరైనా ధర చెబితే "హాలీనా, కల్దారా?" అని అడిగేది. మేం సూసన్ క్లాస్‌మేట్లలా నవ్వేవాళ్ళం. ఇప్పుడు తలచుకుంటే ఆమె కూడా కనిపించకుండా పోయిన ఓ ముల్కు మనిషే.

ఇంకో చోట డాక్టర్ తాను, మనవరాలు సొంత గ్రహానికి దూరమైన ప్రవాసులమని చెబుతాడు. ఒక రోజు తిరిగి పోతామంటాడు. ఆ మాట విని నాకు అతియా బేగం, ఎనిమిదేళ్ళ వారిస్ గుర్తొచ్చారు. కానీ జర్నలిస్టు బుద్ధి ఊరుకోదు. ఆ మాటలు రాసింది కోబర్న్, వారిస్ కాదు. ఆయన హిజ్రత్ కహానీని ఇందులో జొప్పించి మురిసిపోవడం నాకు ఇష్టం లేదు. ఆయన చేసిన పని వేరే. ఆ ముసలాయన మొహాన్ని కెమెరా ఎంత దగ్గర నుంచి చూసిందంటే, అతను అబద్ధం చెబుతున్నాడో, బాధపడుతున్నాడో మనకు తేలదు. ఆ అనుమానమే కథను నడిపిస్తుంది.

అసలు ఈ మొదటి భాగాన్ని రెండుసార్లు తీశారు. 1963 సెప్టెంబర్ చివర్లో తీసింది న్యూమన్ సాబ్‌కు నచ్చలేదు. తలుపులు సరిగ్గా మూసుకోలేదు, డాక్టర్ మరీ కఠినంగా ఉన్నాడు. వెరిటీని, వారిస్‌ను భోజనానికి తీసుకుపోయి, మీ ఇద్దరినీ తీసేయాలి గానీ ఇంకో ఛాన్స్ ఇస్తున్నానన్నాడని వారిస్ సాబ్ తర్వాత చెప్పుకొచ్చారు. అక్టోబర్‌లో మళ్ళీ తీశారు. లైమ్ గ్రోవ్ అనే పాత స్టూడియో, వేడి, ఇరుకు. టేపు కోసి అతకడం ఖరీదు కాబట్టి, వారమంతా రిహార్సల్ చేసి ఒక్క సాయంత్రం నాటకంలా దాదాపు ఏకబిగిన తీసేయడమే. అదృష్టం బాగుండి మొదట తీసిన ఆ ఖరాబ్ టేపు కూడా మిగిలింది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. రెండో దాంట్లో ముసలాయన కళ్ళల్లో కొంచెం చిలిపితనం వచ్చింది. విలియం హార్ట్‌నెల్ గొప్ప నటుడు. సిపాయిలు, రౌడీల వేషాలతో విసిగిపోయి ఉన్నాడు. వెరిటీ, వారిస్ ఆయనను లంచ్‌కు పిలిచి ఒప్పించారు.

ప్రసారం 1963 నవంబర్ 23, శనివారం సాయంత్రం. ముందురోజే అమెరికా ప్రెసిడెంట్ కెనడీని కాల్చి చంపారు. దునియా అంతా ఆ ఖబర్‌లోనే ఉంది. నిమిషం పైన ఆలస్యంగా మొదలైన ఈ పోలీసు డబ్బా కథను సుమారు 44 లక్షల మంది చూశారట. అప్పటి లెక్కల్లో అది తక్కువే. తర్వాతి శనివారం రెండో భాగానికి ముందు మొదటిది మళ్ళీ వేశారు.

మిగిలిన మూడు భాగాల గురించి ఉన్నమాట చెప్పాలి. నెమ్మది. వాళ్ళు పోయి పడేది రాతియుగంలో. చర్మాలు కట్టుకున్న మనుషులు గుహలో కూర్చొని నిప్పు గురించి కొట్లాడుకుంటారు. వారిస్ సాబ్‌కు కూడా ఈ స్క్రిప్టు మీద మొహబ్బత్ లేదు, ఆ మాట ఆయన దాచలేదు. నాకైతే ఒక్క విషయం పట్టుకుంది. ఆ గుంపులో జా అనేవాడి తండ్రి నిప్పు చేసేవాడు. ఆ హునర్ కొడుక్కి కూడా చెప్పకుండా చచ్చిపోయాడు. ఇప్పుడు కొడుకు ఎముకలు పట్టుకొని రుద్దుతూ ఉంటాడు, నిప్పు రాదు, సర్దారీ పోతుంటుంది. మా మొహల్లాలో ఓ హకీమ్ సాబ్ ఉండేవారు. కామెర్లకు ఆయన నుస్ఖా కోసం జిల్లాలు దాటి వచ్చేవారు. కొడుకులకు చెప్పలేదు. ఆయన జనాజాతో పాటే అదీ పోయింది. ఈ సీరియల్‌లో ఇయాన్ మాస్టారు నిప్పు చేసి చూపించి, మా తెగలో నిప్పు చేసేవాడు అందరికంటే చిన్నవాడు, అది అందరికీ వచ్చు అని చెబుతాడు. స్కూల్ మాస్టారు అనాల్సిన మాటే. డాక్టరేమో దెబ్బ తగిలి పడిపోయిన మనిషి పక్కన రాయి ఎత్తుతాడు, ఇయాన్ చెయ్యి పట్టుకొని ఆపుతాడు. ఇంకా హీరో కాలేదు ఆయన. మా చిన్నదానికి ఇది అస్సలు నచ్చలేదు. "ఈ తాత మంచోడు కాదు" అని తేల్చేసింది.

తర్వాత డాలెక్‌లు వచ్చాయి, చూసేవాళ్ళు కోటికి చేరారు, సీరియల్ నిలబడింది. అది అందరికీ తెలిసిన కహానీ, వదిలేస్తాను. నా మనసు ఆగింది వారిస్ సాబ్ 1964లో తీసిన 'మార్కో పోలో' దగ్గర. ఏడు భాగాలు, ఒకటి తప్ప అన్నీ ఆయన తీసినవే. పామీర్ కొండల నుంచి కుబ్లాయ్ ఖాన్ దర్బార్ దాకా సఫర్. కుబ్లాయ్ ఖాన్ కీళ్ళనొప్పులతో మూలిగే ముసలాయన. డాక్టర్ అతనితో పాచికలాట ఆడి ఏనుగులు, తెల్లగుర్రాలు, పులులు గెలిచి, అసలు కావాల్సిన తన డబ్బాను మాత్రం ఓడిపోతాడు. మధ్యలో పింగ్-చో అనే అమ్మాయి అలమూత్ కోట హషాషీన్‌ల కథ చెబుతుంది, హులాగూ వాళ్ళను మట్టుబెట్టిన కథ. అది మార్కో పోలో మోసుకొచ్చిన అఫ్సానా, తారీఖ్‌లో సగం కూడా నిలవదు. ఆ హులాగూయే రెండేళ్ళకు, 1258లో, బగ్దాద్‌ను బర్బాద్ చేశాడన్నది అక్కడ ఎవరికీ గుర్తు రాదు. మంగోల్, చీనా వేషాలు చాలావరకు తెల్లవాళ్ళే మొహాలకు రంగేసుకొని వేశారు. ఈ రోజు ఫొటోల్లో చూస్తే ముళ్ళలా గుచ్చుకుంటుంది. పింగ్-చోగా వేసిన జీనియా మెర్టన్ తల్లి మాత్రం బర్మా మనిషి.

ఫొటోల్లో అన్నాను కదా. ఎందుకంటే ఆ ఏడు భాగాల్లో ఒక్కటీ ఇప్పుడు లేదు. టేపులు ఖరీదు. ఒకసారి వేసినదాన్ని మళ్ళీ ఎవరు చూస్తారు అనుకొని, 1967 నుంచి బీబీసీ వాళ్ళు చెరిపేసి వాటి మీదే ఇంకోటి రికార్డు చేశారు. విదేశాలకు అమ్మడానికి తీసిన ఫిల్మ్ కాపీలను కూడా చాలా పారేశారు. 1960ల నాటి భాగాల్లో తొంభై దాకా ఇలాగే గుమ్ అయ్యాయి. కొన్ని దూరదేశాల్లో దొరుకుతుంటాయి. 2013లో తొమ్మిది నైజీరియాలో దొరికాయి. మార్కో పోలో మాత్రం దొరకలేదు. మిగిలింది ఆనాటి పిల్లలు ఇళ్ళల్లో టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టి పట్టుకున్న ఆవాజ్, టీవీ తెర నుంచి తీసిన చిన్న చిన్న ఫొటోలు. ఆ ఫొటోల్లో చాలావరకు బయటపడింది వారిస్ సాబ్ సొంత పెట్టెలోనే.

బీబీసీ వాళ్ళను తిట్టుకుందామని మొదలుపెట్టి ఆగిపోయాను. మా ఇంట్లో ఓ క్యాసెట్ ఉండేది. మా దాదా గొంతు. ఏదో షాదీలో ఆయన చెప్పిన పాత ఊరి ముచ్చట్లు, మధ్యలో దగ్గు, ఎవరో చాయ్ ఇస్తున్న చప్పుడు. తొమ్మిదో తరగతిలో నేను దాని మీద సినిమా పాటలు ఎక్కించాను. ఖాళీ క్యాసెట్ కొనడానికి పైసల్లేవు. అబ్బా కొట్టలేదు, తిట్టలేదు. పాటల చివర, క్యాసెట్ ఆఖర్లో, కొన్ని క్షణాలు మిగిలింది దాదా గొంతు. సలాం చెబుతున్నట్టు ఉంటుంది.

ఆ డీవీడీ డబ్బాలో మార్కో పోలోను అరగంటకు కుదించి, ఫొటోలకు ఆ ఆవాజ్ జోడించి పెట్టారు. అది ఇంకో రాత్రి చూశాం. ఆ రాత్రి మాత్రం రాతియుగం ఆఖరి భాగం పూర్తి చేశాం. నలుగురూ పరుగెత్తి డబ్బాలోకి దూరి ఎక్కడో కొత్త చోట దిగుతారు. బయట రేడియేషన్ ఎంతుందో చూడమంటాడు డాక్టర్. సూసన్ మీటర్ చూస్తుంది, మామూలుగానే ఉందంటుంది, అందరూ అటు తిరుగుతారు. అప్పుడు ముల్లు మెల్లగా ప్రమాదం వైపు జరుగుతుంది. వాళ్ళెవరూ చూడరు.

"అబ్బూ, ముల్లు! వాళ్ళకు చెప్పు!" అని మా చిన్నది నా భుజం పట్టి ఊపేసింది. లోపలి నుంచి పెద్దోడు ఫోన్ పక్కన పడేసి వచ్చి, "ఏమైంది, వెనక్కి తిప్పండి" అన్నాడు.