ఫొలేలా నుండి మౌండ్ బాయూ వరకు

వైద్య విద్యార్థి తన చదువులో అధిక భాగమును ఆసుపత్రి గోడల నడుమనే గడపును. రోగి అతని వద్దకు వచ్చును, చికిత్స పొంది వెడలిపోవును. ఆ రోగి ఎట్టి ఇంటి నుండి వచ్చెనో, ఏ నీరు త్రాగుచున్నాడో, తిరిగి వెళ్లిన పిమ్మట ఏమి తినునో విద్యార్థికి తెలియు అవకాశము తక్కువ. ఈ లోపమును తీర్చుటకై వేసవి సెలవులలో గాని, చదువు చివరి సంవత్సరమున గాని విద్యార్థులను కొంతకాలము పల్లెలకు, పేదల పేటలకు శిక్షణకై పంపు పద్ధతి పలు దేశములలో ఏర్పడినది. అట్టి శిక్షణ ఒకటి, కేవలము ఐదు నెలలది, రెండు ఖండముల ప్రజారోగ్య చరిత్రను ముడివేసినది.

ఆ విద్యార్థి పేరు జాక్ గైగర్. 1925లో న్యూయార్కులో జన్మించెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున సరకు ఓడలలో పనిచేసి, పిదప పత్రికా విలేఖరియై, సాధారణముగా ఇతరులు వైద్యపట్టము పుచ్చుకొను వయస్సున వైద్య కళాశాలలో చేరెను. 1957లో, చదువు ముగియవచ్చిన దశలో, రాక్‌ఫెల్లర్ సంస్థ ఇచ్చిన ధనసహాయముతో దక్షిణాఫ్రికాలోని నేటాల్ రాష్ట్రమునకు పయనమయ్యెను. అచట ఫొలేలా అను కొండప్రాంతమున సిడ్నీ కార్క్, ఎమిలీ కార్క్ అను వైద్య దంపతులు నెలకొల్పిన ఆరోగ్య కేంద్రమును చూచుటయే అతని ఉద్దేశము.

కార్క్ దంపతులను ఈ మార్గమునకు త్రిప్పినది కూడ విద్యార్థి దశయే. జోహాన్నెస్‌బర్గులోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయమున చదువుచుండగా వారు తోటి విద్యార్థులతో కలిసి, నల్లజాతి ప్రజల ఆరోగ్య స్థితిగతులను అధ్యయనము చేయుటకై ఒక సంఘమును స్థాపించిరి. 1940లో ప్రభుత్వము ఫొలేలా బాధ్యతను వారికి అప్పగించెను. ఎడ్వర్డ్ జాలి, అమేలియా జాలి అను జూలూ దంపతులు వారికి తోడు నిలిచిరి. ప్రజల భాషయు ఆచారములును తెలిసిన ఈ ఇరువురు లేనిదే పని ఒక్క అడుగైనను సాగియుండదు.

ఫొలేలాలో పొలములు సారము కోల్పోయియుండెను. మగవారు గనులలోను, నగరములలోను కూలికై వలసపోయెడివారు. మరలి వచ్చునపుడు క్షయను, సుఖవ్యాధులను వెంట తెచ్చెడివారు. ఇంటనున్న స్త్రీలకు, పిల్లలకు మొక్కజొన్నయే ప్రధానాహారము. మాంసకృత్తుల లోపముచే బిడ్డలకు ఒడలు ఉబ్బు క్వాషియార్కర్ వ్యాధియు, విటమినుల లోపముచే చర్మము చెడు పెల్లాగ్రాయు అచట కానవచ్చెడివి.

మందుసీసాలతో ఈ స్థితి మారునా? వైద్యుడు రోగిని చూచునపుడు మొదట వృత్తాంతము అడుగును, పిమ్మట పరీక్షించును, రోగమును నిర్ణయించును, ఆపై చికిత్స చేయును. కార్క్ దంపతులు ఈ వరుసనే మొత్తము సమాజమునకు వర్తింపజేసిరి. స్థానిక యువతీయువకులను ఆరోగ్య సహాయకులుగా తర్ఫీదు చేసి ఇంటింటికి పంపిరి. వారు ప్రతి ఇంటి పటమును గీచి, ఎందరున్నారు, ఏమి తినుచున్నారు, నీరెచటిది, మరుగుదొడ్డి కలదా అని వ్రాసికొనిరి. ఏ రోగము ఏ ఇండ్లలో ఎక్కువో అప్పుడు తేలినది. పెరటిలో కూరగాయలు పెంచుట, చెత్తతో ఎరువు చేయుట, కలిసి విత్తనములు కొనుట, మరుగుదొడ్లు కట్టుకొనుట, ఇవి అచటి చికిత్సలో చేరినవి. పాఠ్యపుస్తకమున ‘వ్యాధి నివారణ’ అని ఒక్క మాటగా చదువునది ఫొలేలాలో పలుగు, పార, విత్తనము రూపములో కానవచ్చెను.

ఈ పద్ధతిని ఇతరులకు నేర్పుటకై డర్బన్ నగరమున ఒక సంస్థ ఏర్పడినది. 1951లో అదే నగరమున శ్వేతేతర విద్యార్థులకై వైద్య కళాశాల ప్రారంభమైనది. ఆఫ్రికను విద్యార్థులతోపాటు భారతీయ సంతతివారు కూడ అందు చదివిరి. 1860 నుండి చెరకు తోటలకు గిర్మిట్ ఒడంబడికపై వెళ్లినవారిలో తెలుగువారును ఉండిరని పాఠకులకు తెలిసియే యుండును. కూలివారి మనుమలకు తెల్లవారి కళాశాలల ద్వారములు దాదాపు మూసియున్న కాలమది. అయితే 1948లో అధికారమునకు వచ్చిన వర్ణవివక్ష ప్రభుత్వమునకు ఈ ఆరోగ్య కేంద్రములు రుచింపలేదు. నిధులు సన్నగిల్లెను. 1950ల చివర కార్క్ దంపతులు దేశము వీడి, తుదకు జెరూసలేములో స్థిరపడిరి. గైగర్ చేరునప్పటికి ఆ దీపము ఆరిపోవు దశలో నుండెనన్న మాట.

అయినను అతనికి ఆ ఐదు నెలలు చాలినవి. తాను ఆఫ్రికాలోనో, ఆసియాలోనో ఇట్టి పనియే చేయవలెనని తలచుచు స్వదేశమునకు మరలెను. 1964 వేసవిలో, నల్లజాతివారి ఓటు హక్కు ఉద్యమమున పాల్గొనువారికి వైద్యసహాయము చేయుటకై మిసిసిపీ రాష్ట్రమునకు వెళ్లినపుడు అతని ఆలోచన మారినది. ఫొలేలాలో చూచిన గుడిసెలు, ఆకలి, కలుషిత జలము ప్రపంచములో అత్యంత ధనిక దేశముననే ఉండెను! ఇక సముద్రములు దాటనేల?

బోస్టనులోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన డాక్టరు కౌంట్ గిబ్సన్‌తో కలిసి గైగర్ కేంద్ర ప్రభుత్వ పేదరిక నిర్మూలన శాఖను ఆశ్రయించెను. 1965లో రెండు ఆరోగ్య కేంద్రములకు ధనము మంజూరైనది. ఒకటి బోస్టనులోని కొలంబియా పాయింట్, రెండవది మిసిసిపీలోని మౌండ్ బాయూ. ఎక్కడో ఉత్తరమున నున్న విశ్వవిద్యాలయము దక్షిణమున కేంద్రము నడుపుట వింతగా తోచవచ్చును. కారణము చట్టములో కలదు: ఇట్టి నిధులను నిరాకరించు అధికారము రాష్ట్ర గవర్నరుకు ఉండెను గాని, ఉన్నత విద్యాసంస్థలకు ఇచ్చు నిధుల విషయమున ఆ అధికారము చెల్లదు.

మౌండ్ బాయూ 1887లో పూర్వపు బానిసలు స్థాపించుకొన్న ఊరు. చుట్టును సుమారు 500 చదరపు మైళ్ల ప్రాంతము కేంద్రము క్రిందికి వచ్చెను. ప్రత్తి ఏరు యంత్రములు రాగా, భూమిని పాలుకు సేద్యము చేయు కుటుంబములు పని కోల్పోయి పస్తులుండుచుండెను. వైద్యులు ఆకలిగొన్న బిడ్డలకు ఔషధపు చీటీలపై పాలు, మాంసము, కూరగాయలు వ్రాసిరి. అంగళ్లవారు ఆహారమిచ్చి, పైకమును కేంద్రపు మందుల పద్దు నుండి పొందిరి. పై అధికారులు ఆక్షేపింపగా, పోషకాహార లోపమునకు వైద్యగ్రంథములు చెప్పు మందు ఆహారమేనని గైగర్ బదులు చెప్పెనట! ఈ తర్కమును ఖండించుట కష్టము. 1968లో జాన్ హాచ్ అను కార్యకర్త ప్రోత్సాహముతో జనులు తామే సహకార వ్యవసాయ సంఘమును పెట్టుకొనిరి. ఆండ్రూ జేమ్స్ అను పారిశుద్ధ్య నిపుణుడు బావులు, మరుగుదొడ్లు, కిటికీలకు వలలు, ఈ పనులన్నిటిని నడిపించెను.

ఈ కాలముననే విద్యార్థులు తామై మరియొక ప్రయత్నము చేసిరి. 1966 వేసవిలో వైద్యము, నర్సింగు, దంతవైద్యము, సాంఘిక సేవ చదువువారు కాలిఫోర్నియాలోని వలస కూలీల నడుమ సెలవులు గడిపిరి. మరుసటి వేసవిలో న్యూయార్కులోని బ్రాంక్స్, షికాగో నగరములకును ఇది వ్యాపించెను. చేరినవారికి ప్రభుత్వము భత్యమిచ్చెను. కాని వేసవి ముగియగనే విద్యార్థులు కళాశాలలకు వెడలిపోవుదురు. పేటలోని రోగములు పేటలోనే ఉండును. మీరు మా వద్ద నేర్చుకొంటిరి, మాకు మిగిలినదేమి అని జనులు అడుగసాగిరి. ఈ విమర్శ న్యాయమైనదే. విద్యార్థి కన్నులు తెరపించుట ఒకటి, ఊరికి వైద్యుని సంపాదించి పెట్టుట మరియొకటి.

మౌండ్ బాయూ కేంద్రము ఈ ప్రశ్నకు వేరొక విధముగా సమాధానము వెదకెను. బయటి విద్యార్థులను రప్పించుటతో తృప్తిపడక, ఊరి బిడ్డలనే విద్యార్థులను చేసెను. అచటి నల్లజాతి పాఠశాలలు మిక్కిలి హీనస్థితిలో నుండెను; చదువు నడుమ మానినవారు పలువురు. వారికై కేంద్రము సాయంకాల తరగతులు నడిపి, ఉన్నత పాఠశాల పరీక్షకు, కళాశాల ప్రవేశమునకు సిద్ధము చేసెను. దూరపు విశ్వవిద్యాలయములలో చోటును, విద్యార్థి వేతనములను వెదకి ఇచ్చెను. వారినుండి కాలక్రమమున వైద్యులు, నర్సులు, సాంఘిక కార్యకర్తలు, పారిశుద్ధ్య అధికారులు బయలుదేరిరి. ఫొలేలాలోని ఆరోగ్య సహాయకుల ఛాయలు ఇందు స్పష్టముగా కాననగును.

గైగర్ 1978లో న్యూయార్కు సిటీ కాలేజిలోని వైద్యవిద్యా విభాగమునకు ఆచార్యుడుగా వెళ్లెను. నల్లజాతివారికి, పేదలకు, వలసవచ్చినవారి సంతానమునకు వైద్యవిద్య అందించుటకై ఏర్పడిన విభాగమది. అచటి విద్యార్థులు తొలి సంవత్సరములనుండియే పేటలలోని ఆరోగ్య కేంద్రములలో శిక్షణ పొందుదురు. 2020 డిసెంబరులో, 95వ ఏట, అతడు మరణించెను. రెండు కేంద్రములతో ఆరంభమైన ఆ ఏర్పాటు అప్పటికి అమెరికా అంతట సుమారు 1,400 సంస్థలుగా విస్తరించియుండెను.

మౌండ్ బాయూ పరిసరములలో ప్రత్తి చేలలో పెరిగిన స్త్రీ ఎల్.సి. డోర్సీ. ఆమె తల్లిదండ్రులు పాలుకు సేద్యము చేసినవారు. సహకార వ్యవసాయ సంఘమున పనిచేసి, కేంద్రపు ప్రోత్సాహమున కళాశాలల మెట్లెక్కి, సాంఘిక సేవలో డాక్టరేటు పట్టము పొందినది. 1988లో ఆ ఆరోగ్య కేంద్రమునకు ఆమెయే సంచాలకురాలయ్యెను.