ఉత్తర సర్కారులు

చిలికా సరస్సు నుంచి గుండ్లకమ్మ దాకా ఉన్న తూర్పు తీరానికి ఆంగ్లేయులు తమ రికార్డుల్లో, పటాల్లో పెట్టుకున్న పేరు నార్తర్న్ సర్కార్స్. ఇంగ్లీషులో ఆ మాట ఇప్పుడు చరిత్ర పుస్తకాలకే పరిమితం.

మాట ఫార్సీది. సర్ అంటే తల, కార్ అంటే పని. పనులు నడిపించే పెద్దకు, అతని కచేరీకి, చివరికి ఆ కచేరీకి శిస్తు కట్టే నేలకూ అదే పేరు చెల్లింది. మొగలుల ఏర్పాటులో సుబాకు కింద, పరగణాలకు పైన ఉండేది సర్కారు. తీరంలో ఇవి అయిదు: చికాకోల్, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు. చికాకోల్ అంటే శ్రీకాకుళమే.

సర్కారుల కథంతా శిస్తు చుట్టూనే తిరుగుతుంది. 1753లో నిజాం సలాబత్ జంగ్ తన దగ్గరున్న ఫ్రెంచి సేన జీతాల కింద గుంటూరు తప్ప మిగతా నాలుగింటినీ ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చాడు. విజయనగరం పూసపాటి విజయరామరాజు బుస్సీ పక్షం చేరాడు. 1757 జనవరి 24న వారిద్దరి సేనల దాడిలో బొబ్బిలి కోట కూలింది. ఆ వెంటనే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో విజయరామరాజూ చనిపోయాడు. అతని వారసుడు ఆనంద గజపతి ఫ్రెంచివారిని వదిలి ఇంగ్లీషువారిని పిలిచాడు. ఈస్టిండియా కంపెనీ తరఫున క్లైవు బెంగాల్ నుంచి పంపిన కర్నల్ ఫోర్డు 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారిపై గెలిచాడు. బొబ్బిలి పేరు ఇంటింటా తెలిసినా, తీరం ఎవరి పాలవుతుందో తేల్చిన పోరు మాత్రం చందుర్తిదే.

1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఫర్మానా, మరుసటి ఏడు నిజాంతో ఒప్పందం కంపెనీ హక్కును ఖాయం చేశాయి. గుంటూరు 1788లో చేతికొచ్చింది. నిజాముకు ఏటా కట్టే పేష్కషు 1823లో ఏకమొత్తంతో తీరిపోయింది.

అప్పటికే జిల్లాలు ఏర్పడ్డాయి. చికాకోల్ సర్కారు గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో కలిసిపోయింది. అయినా తీరానికీ రాయలసీమకూ చెందిన నాయకులు 1937లో చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక నాటికి రాయలసీమకు జోడీగా వినిపించిన పేరు సర్కారులే. కోస్తా అన్న మాట తరవాత దాని చోటు తీసుకుంది. తెలుగులో సర్కారు అంటే ఇప్పుడు ప్రభుత్వమే. కాకినాడ నుంచి నడిచే సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో మాత్రం పాత అర్థమే ఉంది. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకు రైల్వే కోడ్ ఇప్పటికీ చికాకోల్ అక్షరాలతో సీహెచ్‌ఈ.